సి.టి. చిత్రమును ఫొటో అనవచ్చునా?

సి.టి. స్కాన్ అనగా శరీరము లోపలి ఫొటో అని తరగతిలో చెప్పుట వాడుకైపోయినది. మాట తేలికయే, కాని అది అసలు సంగతిని కప్పివేయుచున్నది. ఫొటో తీయునప్పుడు మనిషి కదలినచో ఆ మనిషి రూపమే అలుక్కుపోవును, వెనుకనున్న గోడ చెక్కుచెదరదు. సి.టి.లో అట్లు కాదు.

లండన్‌లోని అట్కిన్‌సన్ మోర్లీ ఆసుపత్రిలో 1971 అక్టోబరు 1న హౌన్స్‌ఫీల్డ్ యంత్రముపై మొదటి రోగిని పరీక్షించిరి. ఆ యంత్రము తల చుట్టూ ఒక్కొక్క డిగ్రీ చొప్పున 180 డిగ్రీలు తిరిగెడిది. ప్రతి కోణమునందు 160 కొలతలు, వెరసి 28,800. వాటినుండి 80 అడ్డువరుసలు, 80 నిలువువరుసలు గల 6,400 గళ్ల విలువలను కంప్యూటరు రాబట్టవలెను. అనగా ఇది బొమ్మ తీయుట కాదు, లెక్క కట్టుట. కొలతలన్నియు ఒకే స్థితిలోనున్న తలవే అని ఆ లెక్క నమ్మును. పరీక్షకు నాలుగైదు నిమిషములు పట్టెడిది. ఆలోగా తల ఒరిగినచో ఆ నమ్మకము వమ్మగును.

నల్లబల్లపై నాలుగు గళ్లు గీసిన చాలును. పై ఎడమ గడిలో 8, మిగిలిన వాటిలో సున్నలు ఉంచవలెను. అడ్డువరుసల మొత్తములు 8, 0. ఎడమ నిలువువరుసను కూడిన పిమ్మట 8ని కుడి గడికి జరిపినచో, నిలువు మొత్తములు 8, 8 అగును. లెక్క కుదరదు. ఈ పొత్తు కుదరని కొలతలే చిత్రములో చారలుగా, జంట అంచులుగా, కదలని భాగముల మీదికి సైతము పాకును. నిలువువరుసలను కూడుటకు ముందే 8ని జరిపినచో మొత్తములు 0, 8. ఇప్పుడు లెక్క చక్కగా కుదిరి, 8 కుడి గడిలో తేలును. అది ఒకప్పుడు ఎడమనుండెనన్న జాడయే మిగులదు. మసక కంటె ఇది ప్రమాదకరము. ఫొటో పోలిక ఈ రెండవ సంగతిని ఊహింపనే ఊహింపనీయదు.

నేటి యంత్రములలో కొన్ని పావు సెకనులో ఒక చుట్టు తిరుగును. అందుచేత కదలిక బెడద తీరిపోయినదనుట తొందరపాటు. ఊపిరిని రోగి బిగపట్టగలడు, గుండెను ఆపలేడు. గుండెనుండి వెలువడు బృహద్ధమని మొదటి భాగము ప్రతి స్పందనకు ఊగును. దాని రెండు స్థితులు ఒకే చిత్రములో కలిసి, లోపలిపొర చీలినట్లు కనిపించవచ్చును. నిజమైన చీలిక అయినచో అత్యవసర శస్త్రచికిత్స కావలెను. అనుమానమున్నచోట ఇ.సి.జి.ని జతపరచి, గుండె స్పందనలో ఒకే దశకు చెందిన కొలతలతో చిత్రమును కట్టుదురు. లేని చీలిక చాలవరకు అందులో మాయమగును.