తేనె రంగు సీసాలో పనితనం

ముప్పై మిల్లీలీటర్ల అంబర్ సీసా ఒకటి చేతిలోకి తీసుకుని ఎండకు ఎదురుగా పట్టుకోండి. ముదురు తేనె రంగు మెరుస్తుంది. దగ్గు మందు కొన్న ప్రతిసారీ చూసిన రంగే. కుంకుమాది తైలమో, గుంటగలగర నూనో ఇంట్లో కాచుకుని, నింపడానికి సీసా వెతుక్కున్న రోజే దాని విలువ నాకు తెలిసింది.

ఆ రంగు గాజుతో పాటే కరిగి పుడుతుంది. ఇసుక, సోడా యాష్, సున్నపురాయి దాదాపు 1500 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగేటప్పుడు వాటిలో కాస్త ఇనుము, గంధకం, కార్బన్ కలుస్తాయి. కార్బన్ ఆక్సిజన్‌ను తగ్గించడంతో ఇనుము గంధకంతో జత కడుతుంది. గాజుకు తేనె రంగు ఇచ్చేది ఆ జంటే. అతినీలలోహిత కిరణాలను, వాటి పక్కనుండే ఊదా, నీలి వెలుగును చాలావరకు అదే మింగేస్తుంది. నూనెలను, విటమిన్ ఏ ఉన్న క్రీములను ఎక్కువగా పాడుచేసేది ఆ వెలుగే. నీలం సీసా కంటికి ఇంపుగా ఉన్నా నీలి కాంతిని లోపలికి రానిస్తుంది. ఆవకాయకు జాడీ ఎంతో, ఈ నూనెలకు అంబర్ సీసా అంత.

ఇక పనితనం చూడండి. సీసాకు రెండు వైపులా నిలువుగా ఒక్కో సన్నని గీత ఉంటుంది. అచ్చు రెండు సగాలూ కలిసిన చోటు అది. మంచి సీసాలో ఆ గీత గోటికి తగిలీ తగలనట్టుంటుంది. అడుగు అంచు చుట్టూ సన్నని గరుకు నొక్కులు కనిపిస్తాయి. అచ్చులోంచి వేడివేడిగా వచ్చిన సీసా పడే రాపిడిని ఆ గరుకే భరిస్తుంది. తర్వాత దాన్ని పొడవాటి కొలిమిలో నెమ్మదిగా చల్లారుస్తారు. ఆ ఓపిక లోపిస్తే గాజులో ఒత్తిడి మిగిలి, చిన్న దెబ్బకే పగులుతుంది.

కొనేటప్పుడు సీసాను నున్నటి గచ్చు మీద నిలబెట్టండి, ఊగకూడదు. మూతి అంచు మీద వేలు తిప్పండి, పెచ్చు ఊడి ఉండకూడదు. ఆ అంచు కూడా గోధుమరంగులోనే ఉండాలి. ఒకసారి నేను కొన్న సీసాలను వేడి నీళ్లలో కడిగితే రంగు పొరలు పొరలుగా ఊడింది. తెల్ల గాజు మీద రంగు చల్లి అమ్మారు. అప్పటినుంచి నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ముంచిన దూదితో ఒక సీసాను తుడిచి చూడనిదే మిగతావి కొనను.

మూతకూ అంతే శ్రద్ధ కావాలి. డ్రాపర్లకు 18 మిల్లీమీటర్ల మెడ ఎక్కువగా దొరుకుతుంది. మెడ కొలత, మూత కొలత ఒకటి కాకపోతే నూనె చెమరుస్తుంది. సుగంధ తైలాలు డ్రాపర్ రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తాయి. అందుకే నిల్వకు మామూలు మూత, వాడకానికి డ్రాపర్ పెట్టుకోవడం మేలు.

కడిగిన సీసాను లోపల ఒక్క చుక్క తడి లేకుండా ఆరబెట్టండి. నూనెను చల్లారాకే పోయండి. నింపిన తేదీ రాసి చీటీ అంటించండి. ఆపైన అలమరలో, చీకటిలో ఉంచండి. ఎంత మంచి అంబర్ గాజైనా వెలుగును తగ్గిస్తుందే గానీ పూర్తిగా ఆపలేదు.