సోమవారంతో మొదలు

మా ఆవిడ నా నోటుపుస్తకం తెరిచి చూసి, "ఏమండీ, ఇది పెళ్లి పిలుపుల లిస్టులా ఉంది. ఒక్కర్నీ వదల్లేదు" అంది. అందులో నేను కలకత్తాలో చూడాల్సిన చోట్లు ముప్పై ఒకటి రాసుకున్నాను. ఊరి పేరు 2001లోనే కోల్‌కతా అయింది గానీ, శరత్ నవలలు చదివి పెరిగిన మా అమ్మ నోట అది ఇప్పటికీ కలకత్తాయే. అమ్మ మాట ఇంట్లో చెల్లుతుంది కనక ఇక్కడా చెల్లనివ్వండి.

వెళ్లేది ముగ్గురం. నేను, మా ఆవిడ, డెబ్బై మూడేళ్ల అమ్మ. ముగ్గురికీ ఆ ఊరు కొత్త. సెలవు వారం రోజులు. సంక్రాంతి హడావుడి తగ్గాక వెళ్దామనుకున్నాం. చలి కాస్త ఉంటుంది, ఉక్కపోత ఉండదు, కొత్త ఖర్జూర బెల్లంతో చేసే సందేశ్ దొరుకుతుంది. ఈ మూడో కారణం నాది.

వారం అనుకుంటాం గానీ వేళ్ల మీద లెక్కేస్తే తెలుస్తుంది. శనివారం సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఆదివారం సాయంత్రానికి హౌరా. మళ్లీ శుక్రవారం పొద్దున అక్కడ ఎక్కాలి. మధ్యలో మిగిలేవి నాలుగు పగళ్లు. ముప్పై ఒక్క చోట్లు, నాలుగు పగళ్లు. రోజుకి ఎనిమిది. నేను మాత్రం లెక్క సరిపోయిందనే అనుకున్నాను. మొదటి రోజు సోమవారం, పది గంటలకు విక్టోరియా మెమోరియల్ అని ఎర్ర ఇంకుతో రాసి కిందో గీత కూడా గీశాను.

మా ఆఫీసులో ఖరగ్‌పూర్ తెలుగాయన ఒకరున్నారు. తాతగారు రైల్వే ఉద్యోగానికి వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. అలాంటి తెలుగు కుటుంబాలు ఆ ఊళ్లో బోలెడు. ఆయనకు నా ప్లాను గర్వంగా చూపించాను. ఒక్క నిమిషం చూసి, "సోమవారం విక్టోరియానా? లోపల గ్యాలరీలకు సెలవు. గడ్డి చూసి వస్తారా?" అన్నారు. పోనీ ఇండియన్ మ్యూజియం అన్నాను. అదీ సోమవారం సెలవేనట. జొరాసాంకోలో టాగూర్ ఇల్లు? అదీ అంతే. "మీరు ఏమేం తెరిచి ఉంటాయో రాసుకున్నారు. ముందు ఏమేం మూసి ఉంటాయో రాయండి" అని టీ తాగి వెళ్లిపోయారు.

ఆ రాత్రి ఇంకో పేజీ తిప్పి పైన 'మూత' అని రాశాను. సోమవారం ఆ మూడూ. ఆదివారం కాలేజ్ స్ట్రీట్ పుస్తకాల కొట్లు. మధ్యాహ్నం పూట దక్షిణేశ్వరం గుడి తలుపులు, గంగ అవతల బేలూరు మఠం తలుపులు. మంగళ, శనివారాలు కాళి గుళ్లలో కాలు పెట్టే సందు ఉండదు కాబట్టి అవీ మూతలోకే వేశాను. ఆ పేజీ నిండేసరికి అవతలి పేజీలో సగం ప్లాను దానంతటదే కుదిరింది. దక్షిణేశ్వరం బుధవారానికి పడింది, అదీ పొద్దున్నే. కాలేజ్ స్ట్రీట్, టాగూర్ ఇల్లు దగ్గర దగ్గరవి కాబట్టి గురువారం. మ్యూజియం మంగళవారం. సోమవారానికి మాత్రం తలుపులే లేనివి కావాలి. నది, పూల సంత, వీధులు.

మనవాళ్లలో ఈ ప్రయాణాల విద్య తెలిసిన పెద్దాయన ఒకరున్నారు, ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ. 1830 మే 18న దాదాపు వందమంది పరివారంతో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, తిరుగుదారిలో కలకత్తా కూడా చూసి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. ఆయన రాసిన 'కాశీయాత్ర చరిత్ర'లో నాకు గుళ్ల వర్ణనల కంటే మజిలీల సంగతులే ఇష్టం. ఈ ఊళ్లో దిగడానికి చోటుందా, నీళ్లు ఎలాంటివి, అంగట్లో ఏం దొరుకుతాయి, దారి ఇసకా రాయా. ఆయనకు పదిహేను నెలలు దొరికాయి, నాకు నాలుగు పగళ్లు. అయినా అడగాల్సిన ప్రశ్నలు పెద్దగా మారలేదు.

టికెట్ల దగ్గర ఒక చిన్న ఉపాయం చెప్పాలి. రైలు రిజర్వేషన్ ఇప్పుడు అరవై రోజుల ముందు తెరుస్తారు. 2024 నవంబరు దాకా నూట ఇరవై ఉండేది. అమ్మకు కింది బెర్తు కావాలి. అరవై దాటిన మగవాళ్లకు, నలభై ఐదు దాటిన ఆడవాళ్లకు కింది బెర్తుల కోటా ఉంది గానీ, టికెట్ మీద అలాంటివాళ్లు ఒకరో ఇద్దరో మాత్రమే ఉండాలి. నన్ను కూడా అదే టికెట్‌లో కలిపితే కోటా వర్తించదు. అందుకని అత్తాకోడళ్లకు ఒక టికెట్, నాకు ఒక టికెట్. మా ఆవిడ వయసు పేపర్లో రాయనని మాటిచ్చాను. కోటా మాత్రం దొరికింది.

బస దగ్గర దెబ్బతిన్నాను. ఫొటోల్లో తెల్లటి దుప్పట్లు, 'లిఫ్టు కలదు' అని రాత. పేరు అనవసరం. ఆదివారం రాత్రి హౌరాలో ప్రీపెయిడ్ కౌంటర్ దగ్గర పసుపుపచ్చ అంబాసిడర్ టాక్సీ మాట్లాడుకుని వెళ్తే, లిఫ్టు ఉన్నమాట నిజమే. మొదటి అంతస్తు నుంచి ఉంది. అక్కడిదాకా పద్దెనిమిది మెట్లు. అమ్మ మోకాళ్లు నొక్కుకుంటూ ఎక్కి, పైన నిలబడి, "ఒరేయ్, ఈ లిఫ్టుకి ఇంకో లిఫ్టు పెట్టాలేమోరా" అంది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఇప్పుడు ఎవరు అడిగినా ఒకటే చెప్తున్నాను. ఫోను చేసి, లిఫ్టు ఉందా అని కాదు, ఎక్కణ్నుంచి మొదలవుతుంది అని అడగండి.

ఆ లాడ్జికి ఒకే ఒక్క మంచి గుణం, మెట్రోకి నాలుగడుగుల దూరం. కలకత్తా మెట్రో దేశంలో మొదటిది, 1984లో నడిచింది. నీలం లైను ఊరిని ఉత్తరం నుంచి దక్షిణానికి నిలువునా కోస్తుంది. నేను కాగితం మీద ఆ గీత గీసి, చూడాల్సినవన్నీ దానికి పూలు గుచ్చినట్టు గుచ్చాను. పైకొసన దక్షిణేశ్వరం (పేరులో దక్షిణం, ఉండేది ఉత్తరాన, మా అమ్మ దీనికి చాలాసేపు నవ్వింది), మధ్యలో మైదానం, మ్యూజియం, కింద కాళీఘాట్. దండకు అందని పూలు పక్కన పెట్టేశాను. అలా పోయినవే పదకొండు. సైన్స్ సిటీ పోయింది, జూ పోయింది, శిబ్‌పూర్ తోటలో ఊడల మర్రి పోయింది. మర్రిచెట్టు గురించి కొంచెం బాధ ఉంది.

సోమవారం ఆరున్నరకు మల్లిక్ ఘాట్ పూల సంతకి వెళ్లాం. హౌరా వంతెన కాళ్ల దగ్గరే. బంతిపూల దండలు తాళ్ల చుట్టల్లా పడేసి ఉంటాయి, ఒక్కో మనిషి భుజాన పది పదిహేను చుట్టలు వేసుకుని పరుగెడతాడు. దారి ఇవ్వకపోతే పూలతో గుద్దుకుంటాడు, అదేమంత నష్టం కాదు. కింద బురద, పైన వంతెన. 1943లో తెరిచిన ఆ వంతెనకు ఇరవై ఆరు వేల ఐదు వందల టన్నుల ఉక్కు పట్టింది, ఒక్క నట్టూ బోల్టూ లేదు, అంతా రివెట్లే. అంత ఇనుమును తినేసింది ఏమిటో తెలుసా, పాన్ ఉమ్ము. స్తంభాల అడుగులు తుప్పు పట్టిపోతుంటే ఫైబర్ తొడుగులు వేశారట. మా ఆవిడ నా వైపు చూసింది. నేను పాన్ మానేసి ఆరేళ్లయింది, అయినా చూసింది.

మట్టి ముంతల్లో చాయ్ తాగి, లాంచీ ఎక్కి ఎగువకు వెళ్లి, కుమార్‌టులీకి నడిచాం. బొమ్మలు చేసే కుమ్మర్ల పేట. నా కాగితం మీద దీనికి అరగంట. దుర్గ సీజను కాదు కనక ఏముంటుందిలే అనుకున్నాను. వసంత పంచమి దగ్గరకొచ్చింది, సందు నిండా సరస్వతులు. ఇంకా సరస్వతి అని తెలియని సరస్వతులు. ముందు వెదురు కర్రల మీద వరిగడ్డిని జనపనార పురితో బిగించి మనిషి ఆకారం కడతారు. తల లేని గడ్డి మనిషి వీణ పట్టుకునే భంగిమలో కూర్చుని ఉంటుంది, ఒళ్లో వీణ ఉండదు. దాని మీద గంగ మట్టి మెత్తుతారు. తలలు అచ్చులో పోసి విడిగా చేస్తారు. ఒక చెక్క పలక మీద వేళ్లు ఆరబెట్టి ఉన్నాయి. వేళ్లే, చేతులు లేవు. చిక్కుడుకాయలు ఆరబెట్టినట్టు వరసగా, సన్నగా, కొసన కొంచెం వంపు తిరిగి.

అమ్మ ఆ పలక దగ్గర ఆగిపోయింది. వాళ్ల నాన్న వినాయక చవితికి చెరువు మట్టి తెచ్చి బొమ్మ చేసేవాడట, వేళ్లు మాత్రం ఎప్పుడూ సరిగ్గా కుదిరేవి కావట, నాలుగు వేళ్లూ కలిపి ఒక ముద్ద పెట్టేసేవాడట. ఇది మాకెప్పుడూ చెప్పలేదు. లోపల పనిచేస్తున్న ముసలాయన ఆమె నిలబడటం చూసి పీట తెచ్చి వేశాడు. ఆయనకు తెలుగు రాదు, ఆమెకు బెంగాలీ రాదు. ఆయన తడి మట్టి ఉండను అరచేతిలో దొర్లించి, గోరుతో ఒక్క నొక్కు నొక్కి వేలు చేసి చూపించాడు. అమ్మ చేసింది. వంకర పోయింది. ఆయన తల అడ్డంగా ఊపి ఇంకో ఉండ ఇచ్చాడు. నేను గడియారం చూసుకుంటుంటే మా ఆవిడ నా మణికట్టు మీద చేయి వేసింది. గంటన్నర పట్టింది. ఆ తరువాత రాసుకున్న రెండు ఘాట్లూ కొట్టేశాను.

అప్పటికప్పుడు కాగితం మీద ఇంకో మార్పు కూడా చేశాను. రోజూ మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఖాళీ. గదికి వెళ్లి పడుకోవడమే. ఊరు మధ్యాహ్నం తలుపులు మూస్తే తప్పు పట్టని వాణ్ని, అమ్మ మోకాళ్లు మూత అడిగితే నేనెందుకు ప్లానులో రాయలేదో నాకే సిగ్గేసింది.

మంగళవారం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఇండియన్ మ్యూజియం 1814 నాటిది, అంతా చూడాలంటే అదే ఒక వారం. మేం భర్హుత్ రాతి కటకటాల గది, మమ్మీ చూసి బయటపడ్డాం. సాయంత్రం అదే మెట్రోలో దక్షిణానికి పోయి, గరియాహాట్‌లో మా ఆవిడ తాంత్ చీరలు నాలుగు తీసుకుంది. లేక్ మార్కెట్ వైపు దక్షిణాది వాళ్ల హోటళ్లుంటాయి, అక్కడ అమ్మకు ఇడ్లీ పెట్టించాం. ఆవనూనె వాసన లేని భోజనం చూసి ఆమె కళ్లు మూసుకుని తింది. ఇంత దూరం వెళ్లి ఇడ్లీయా అనే మిత్రులతో వాదన నాకు అనవసరం. ఆ రాత్రి అమ్మ హాయిగా నిద్రపోయింది.

బుధవారం ఏడింటికల్లా దక్షిణేశ్వరంలో ఉన్నాం. రాణీ రాస్మణి 1855లో కట్టించిన గుడి, నది ఒడ్డున వరసగా పన్నెండు శివాలయాలు, పొద్దుటి ఎండ. అక్కణ్నుంచి పడవలో బేలూరు వెళ్లి పదింటికి మఠంలో కూర్చున్నాం. నా పాత ప్లాను ప్రకారం టిఫిన్ చేసి పదిన్నరకు బయల్దేరి ఉంటే, ఈ ఒడ్డున ఒక మూసిన తలుపు, ఆ ఒడ్డున ఇంకో మూసిన తలుపు చూసి వచ్చేవాళ్లం. గురువారం టాగూర్ పుట్టి, 1941లో పోయిన ఇల్లు. ఆ తరువాత ట్రాం కోసం నలభై నిమిషాలు నిలబడ్డాం. 1873లో గుర్రాలతో మొదలైన ట్రాంను, మైదానం దగ్గర చిన్న ముక్క తప్ప ఆపేస్తామని 2024లో ప్రభుత్వం అంది. మేం నిలబడ్డ చోట రాలేదు. ఇలాంటివి ముందురోజే అక్కడివాళ్లను అడిగి తెలుసుకోవాలి. నేను అడగలేదు. అమ్మ, "పోనీలేరా, పట్టాలైనా చూశాం" అంది.

ఇంకొకటి మిగిలింది. ఖరగ్‌పూర్ మిత్రుడు ప్లాను చివర తన చేత్తో ఒక ముక్క రాసిచ్చారు. 'కోలాఘాట్ దగ్గర రూప్‌నారాయణ్ వంతెన. మీ అమ్మగారికి చూపించండి. శరత్ ఇల్లు ఆ నది ఒడ్డునే.' అవతల దేవుల్టీ స్టేషన్ దాటుతుంది రైలు, శరత్ కొన్నేళ్లు ఉన్న సామతాబేడ్ అక్కడికి దగ్గర. వెళ్లేటప్పుడు నేను సామాన్లు లెక్కపెట్టుకుంటూ దాన్ని మిస్సయ్యాను.

తిరుగు రైల్లో ఈసారి మిగతావన్నీ వదిలేసి కిటికీ దగ్గర కూర్చున్నాను. దేవుల్టీ బోర్డు కనబడగానే అమ్మను లేపాను. శరత్‌కు చక్రపాణి చేసిన అనువాదాల్లో ఆమె చదివిన బెంగాల్‌లో ఏ నది ఏదో ఆమెకు గుర్తుందో లేదో తెలియదు. వంతెన మీద రైలు చప్పుడు మారింది. వెడల్పాటి నీళ్లు, దూరంగా రెండు పడవలు.

"ఇంత పెద్దదా?" అంది. "నేను మన ఊరి కాలవంత ఉంటుందనుకున్నాను."

వంతెన అయిపోయేదాకా చూసి, కొంగులోంచి వేయించిన పల్లీలు తీసి ఒలుచుకోవడం మొదలుపెట్టింది.