పలక మీద నాలుగే వంటకాలు

లియోన్‌కు వెళ్తే తప్పక తినాల్సిన పది చోట్ల జాబితా ఈ వారం మళ్ళీ ఒకటి కంటబడింది. జాబితాల మీద ఈ కాలమ్‌కున్న కోపం పాత పాఠకులకు తెలిసిందే. ఫ్రాన్సులో రోన్, సోన్ నదులు కలిసేచోట ఉన్న ఆ నగరాన్ని భోజన విమర్శకుడు క్యుర్నోన్‌స్కీ 1930లలోనే ప్రపంచానికి భోజన రాజధాని అన్నాడు. అప్పటినుంచి అక్కడికి వచ్చేవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న: ఎక్కడ తినాలి? అది రెండో ప్రశ్న కావాలి. ఏ వేళకి తినాలి, దేన్ని వదులుకోవాలి అన్నది ముందు తేల్చుకోవాలి. జాబితా వాటి జోలికే పోదు.

ఊరి వంట తెలియాలంటే ఆ ఊరి కష్టజీవి కంచం చూడాలన్నది ఈ కాలమ్ ఎన్నోసార్లు చెప్పిన మాట. లియోన్ దానికి అచ్చమైన సాక్ష్యంలా కనిపిస్తుంది. 19వ శతాబ్దంలో క్రువా రూస్ గుట్ట మీద వేల మగ్గాలు ఆడేవి. ఆ పట్టు నేతగాళ్ళను కనూలు అంటారు. తెల్లవారకముందే పనిలో దిగి, పొద్దెక్కాక పందిమాంసం, పేగుల వంటకాలు, వైన్‌తో వాళ్ళు ఆకలి తీర్చుకునే పూటకు మాషోన్ అని పేరు. బుషోన్ అనే చిన్న భోజనశాలల్లో ఆ వాసన ఇంకా పోలేదు. బోజొలే వైన్‌ను మందపాటి గాజు అడుగున్న సీసాలో తెచ్చి పెడతారు. అందులో పట్టేది సరిగ్గా 46 సెంటీలీటర్లు. ‘కనూ మెదడు’ అనే వంటకం ఉంది. అందులో మెదడు ఉండదు. మెత్తటి తాజా చీజ్‌ను గిలక్కొట్టి, సన్నగా తరిగిన ఉల్లికాడలు, వెల్లుల్లి, నూనె, వెనిగర్ కలుపుతారు, అంతే. కాబట్టి సందర్శకుడు పనివాళ్ళు తిన్న చోటు వెతుక్కుంటే చాలు అనిపిస్తుంది.

చాలదు. ఆ ఊరి పేరు నిలబెట్టింది కనూల ఆకలి ఒక్కటే కాదు, ఊరంతా ‘అమ్మ’ అని పిలుచుకున్న వంటగత్తెలు. పెద్దిళ్ళలో వంటకు కుదిరి, చేయి తిరిగాక సొంతంగా భోజనశాల తెరిచినవాళ్ళు వాళ్ళలో చాలామంది. మన పూటకూళ్ళమ్మ అనే మాట వాళ్ళకు అతికినట్టు సరిపోతుంది. వాళ్ళలో ఫియూ అమ్మ ఏళ్ళ తరబడి దాదాపు ఒకే భోజనం వడ్డించింది: చర్మం కింద నల్లటి ట్రఫుల్ బిళ్ళలు దోపి ఉడికించిన కోడి, చేప కెనెల్, ఆర్టిచోక్. కోడిని బల్ల దగ్గరికి తెచ్చి చిన్న కత్తితో తానే కోసేది. ఆమె దగ్గర పనిచేసిన యూజెని బ్రాజియే 1921లో సొంతంగా భోజనశాల తెరిచింది, తర్వాత ఇంకొకటి. 1933 నాటికి రెండు భోజనశాలలకూ మూడేసి మిషెలిన్ నక్షత్రాలు తెచ్చుకుంది. పేరుమోసిన వంటగాడు పాల్ బొకూజ్ పని నేర్చుకున్న వంటిళ్ళలో ఆమెదీ ఒకటి. ఆ భోజనాలు కూలివాళ్ళకు అందేవి కావు. కష్టజీవి కంచం గురించిన నా మాట ఇక్కడ సగమే నిలుస్తుంది. నేతగాడి బుషోన్‌కీ, బ్రాజియే బల్లకీ ఉమ్మడిగా ఉన్నది పేదరికం కాదు. కొన్నే వంటకాలు, రోజూ అవే, అదే చేత్తో వండటం. కెనెల్ సంగతే చూడండి. పైక్ అనే నదిచేపకు చీలిన సన్నముళ్ళు ఎక్కువ. అందుకే కండను దంచి, జల్లెడ పట్టి, పిండి, వెన్న, గుడ్లు కలిపి ఉండలు చేస్తారు. పొయ్యిలో అది బూరెలా ఉబ్బుతుంది, బయటికి తీసిన కాసేపటికే దిగిపోతుంది. అరవై వంటకాలు చేసే వంటింటికి అంత వేళ పట్టింపు ఎక్కడిది?

అందుకే సందర్శకుడు వదులుకోవాల్సింది ఎంపికను. ఫ్రాన్సులో మెనూ అంటే వంటకాల పట్టీ కాదు, ధర ముందే కట్టిన వరస భోజనం. పట్టీని కార్త్ అంటారు. తలుపు దగ్గర నల్ల పలక మీద సుద్దతో నాలుగు పేర్లు రాసి, ఒకటి అయిపోయిందని తుడిచేసి ఉంటే అక్కడ కూర్చోవచ్చు. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు, రాత్రి ఏడు తర్వాత; చాలాచోట్ల వంటిల్లు తెరిచి ఉండేది అప్పుడే. మూడింటికి ఆకలేస్తుందనేవాళ్ళకి దొరికేది మళ్ళీ వేడిచేసిన తిండే. ధర కట్టిన భోజనం పర్యాటకుణ్ణి తక్కువలో సాగనంపే ఎత్తు అని కొందరి అభ్యంతరం. అలాంటివీ ఉన్నాయి. పాతలియోన్ వీధుల్లో గళ్ళ గుడ్డ పరిచి నాలుగు భాషల్లో పిలిచేవాళ్ళు ఉన్నారు. అయితే తప్పు ధర కట్టడంలో లేదు. 2014 నుంచి ఆ దేశంలో పచ్చి సరుకుతో అక్కడికక్కడే వండిన వంటకానికి గిన్నె మీద ఇంటికప్పు బొమ్మ వేసే ఏర్పాటుంది. గళ్ళ గుడ్డ కన్నా ఆ బొమ్మ, ఆ బొమ్మ కన్నా పొట్టి పలక ఎక్కువ నమ్మదగ్గవి. పర్యాటకుల వీధిలోనైనా సరే, వండేది కొన్నే అయితే బాగా వండే వీలుంది.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం మనవాళ్ళది: ఎంపిక వదులుకోమంటే గొడ్డుమాంసం, పందిమాంసం ముట్టనివాళ్ళ గతేమిటి? బోటీ ఇష్టంగా తినేవాళ్ళకి పేగులు కొత్త కాదు, కానీ అక్కడ బ్రెడ్ పొడి అద్ది వేయించేది గొడ్డు పొట్ట. లియోన్ సలాడ్‌లోనూ పంది ముక్కలుంటాయి. వీళ్ళు ముందే అడగాలి, అందులో మొహమాటం అక్కర్లేదు. కెనెల్, మీగడలో వండిన బ్రెస్ ప్రాంతపు కోడి, కనూ మెదడు కలిస్తే పూర్తి భోజనమే. శుద్ధ శాకాహారికి మాత్రం బుషోన్ సరైన చోటు కాదని చెప్పడమే న్యాయం. చాలా సాసుల్లో మాంసపు రసం ఉంటుంది. వాళ్ళు పొద్దున్నే సోన్ ఒడ్డున సెయింట్ ఆంత్వాన్ సంతకి వెళ్ళాలి. అరచేతిలో పట్టేంత సెయింట్ మార్సెలాన్ చీజ్ పండితే లోపల గరిటజారుగా ఉంటుంది, రొట్టెతో అద్దుకోవాలి. అది కూడా శాకాహారమేనా అన్నది పాలు విరగ్గొట్టే రెన్నెట్‌ను బట్టి ఉంటుంది కనుక అమ్మేవాళ్ళనే అడగాలి. గులాబీరంగు చక్కెర పూసిన బాదంపప్పులతో చేసిన రొట్టె బేకరీల్లో దొరుకుతుంది. సోమవారం మినహా రోజూ పెట్టే ఆ సంతను మధ్యాహ్నానికి ఎత్తేస్తారు.