పూతకు చిల్లే కొలత

కిలో మీథేన్ మండితే 2.25 కిలోల నీరు పుడుతుంది. అది ఆవిరిగానే పొగగొట్టం దాటిపోతే ఇంధనం ఇచ్చిన వేడిలో దాదాపు పదో వంతు దాని వెంటే పోయినట్టు. ఆ ఆవిరిని దారిలోనే చల్లని గొట్టాల మీద నీరుగా దించి, వేడిని వెనక్కి రాబట్టుకోవడమే కండెన్సింగ్ హీట్ ఎక్స్‌ఛేంజర్ చేసే పని. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2005 ఏప్రిల్ నుంచి ఇళ్ళలో కొత్తగా పెట్టే గ్యాస్ బాయిలర్లు దాదాపు అన్నీ ఈ రకానివే కావాలన్నారు. చిక్కల్లా, దిగే నీరు మంచినీరు కాకపోవడం. గ్యాస్ పొగ నుంచి వచ్చే నీటి పీహెచ్ 4 దగ్గర ఉంటుంది. గంధకం ఉన్న నూనెనో బొగ్గునో కాలిస్తే కథ మరీ ముదురుతుంది: పొగ ఇంకా 120–150 డిగ్రీల వేడిలో ఉండగానే సల్ఫ్యూరిక్ ఆమ్లం గొట్టాల మీద చెమ్మలా పడుతుంది. అందుకే బాయిలర్లు నడిపేవాళ్ళు పొగను వేడివేడిగానే చిమ్నీకి వదిలేస్తారు. తుప్పు భయంతో ఏటేటా ఇంధనం పారబోసుకోవడం అన్నమాట. దీనికి విరుగుడు పూత. టెఫ్లాన్ జాతి ప్లాస్టిక్కులు, ఫినాలిక్ రెజిన్లు, గాజులాంటి ఎనామెల్ ఇందుకే వాడతారు. అయితే మన చర్చంతా ఏ పూత మంచిదన్న దాని చుట్టూనే తిరుగుతుంది. ఆ పూత ఎక్కడ తెగుతుంది, తెగినచోటును ఎవరు ఎలా పట్టుకుంటారు అన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న అని నా వాదన.

ముందు అందరూ అనే అభ్యంతరం చూద్దాం: ప్లాస్టిక్ వేడిని సాగనివ్వదు కదా, పూత పూసి వేడిని రాబట్టడమేమిటి? లెక్క కడితే ఈ భయం చాలావరకు తేలిపోతుంది. 0.4 మిల్లీమీటర్ల టెఫ్లాన్ పొర వేడికి పెట్టే అడ్డు దాదాపు 0.0016 (వాటుకు చదరపు మీటరు-డిగ్రీల్లో). పొగ వైపు వేడి అందే రేటు చదరపు మీటరుకు, డిగ్రీకి 50 వాట్లనుకుంటే ఆ వైపు అడ్డే 0.02. అంటే పూత అదనంగా తెచ్చే అడ్డు దానిలో ఎనిమిది శాతం. గొట్టాలు ఇంకొన్ని చేరిస్తే సరిపోతుంది. నీరు దిగడం మొదలయ్యాక పొగ వైపు అడ్డు తగ్గుతుంది కాబట్టి పూత వాటా కొంత పెరుగుతుంది, నిజమే. కానీ టెఫ్లాన్ మీద నీరు పొరగా పరుచుకోక బొట్లుగా జారిపోతుంది, పోతూ పోతూ మసిని కూడా కడిగేస్తుంది. ఇదే లెక్క టర్బైన్ కింద ఉండే ఆవిరి కండెన్సర్‌లో తలకిందులవుతుంది. అక్కడ ఆవిరి వైపు అడ్డు 0.0001 దరిదాపుల్లో ఉంటుంది. అదే పూత దానికి పదహారు రెట్ల అడ్డు తెచ్చిపెడుతుంది. ఒకచోట తెలివైన పని మరోచోట శుద్ధ దండగ.

అసలు బలహీనత పూత మందంలో లేదు, కంటికి ఆనని పిన్‌హోల్‌లో ఉంది. ఆమ్లం ఆ సూదిమొన చిల్లులోంచి ఉక్కును చేరి, పూత కిందుగా పక్కలకు తొలుచుకుపోతుంది. పైన మాత్రం అంతా నున్నగా కనిపిస్తుంది. ఆ ఉక్కు పూత లేని రాగికో స్టెయిన్‌లెస్‌కో తగిలి ఉంటే ఇంకా ప్రమాదం, తుప్పంతా ఆ ఒక్క చిల్లు దగ్గరే పోగుపడుతుంది. అలాగని చిల్లే లేదనుకున్నా నిశ్చింత లేదు. ఏ ప్లాస్టిక్కూ నీటి ఆవిరిని పూర్తిగా ఆపలేదు; బయట వేడి, లోపలి గోడ చల్లన అయినప్పుడు ఆవిరి ఆ చల్లని గోడ వైపే చొచ్చుకుపోతుంది. కండెన్సింగ్ గొట్టంలో గోడ ఎప్పుడూ చల్లగానే ఉంటుంది, అది దాని పనే కనుక! లోపలికి చేరిన చెమ్మకు పూత కింద చిక్కుకున్న ఉప్పు తోడైతే పొక్కులు లేస్తాయి. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో గ్రిట్ బ్లాస్టింగ్ చేసిన, అంటే గరుకు రేణువులు చిమ్మి శుభ్రపరిచిన, ఉక్కును గంటల తరబడి ఉప్పు గాలికి వదిలేస్తే జరిగేది అదే. ఇత్తడి గిన్నెకు కళాయి వేసేవాళ్ళకు ఇది ఎప్పుడో తెలుసు: ముందు గిన్నె తోమి, కాల్చి, నవాసాగరం చల్లి లోహాన్ని శుభ్రం చేశాకే తగరం రుద్దుతారు, ఆ శుభ్రం చాలకపోతే కళాయి పట్టదు.

ఇంత తంటా ఎందుకు, మంచి లోహమే వాడొచ్చుగా అనేవాళ్ళున్నారు. గంధకం దాదాపు లేని గ్యాస్ విషయంలో వాళ్ళ మాట ఒప్పుకోవాల్సిందే. ఇంటి బాయిలర్లు స్టెయిన్‌లెస్‌తో, అల్యూమినియం-సిలికాన్‌తో పూత లేకుండానే నడుస్తున్నాయి. కానీ క్లోరైడు చేరితే మామూలు స్టెయిన్‌లెస్ కూడా గుంటలు పడుతుంది. ఆమ్లానికి నిజంగా నిలిచే నికెల్ మిశ్రమాల ధర పెద్ద యూనిట్లలో మోయలేనిది. మన బొగ్గు సంగతి వేరు. గంధకం తక్కువ, బూడిద ఎక్కువ. ఇక్కడ మెత్తని ప్లాస్టిక్ పూతకు ఆమ్లం కన్నా బూడిద రాపిడే ముందు శత్రువు కాబట్టి దాని చోటు బూడిద పట్టే ఫిల్టర్ల తర్వాతే. ఆ ఫిల్టర్లకు ముందుండే, పొగ వేడితో గాలిని వేడిచేసే ఎయిర్ ప్రీహీటర్ చల్లని అంచుకు ఎనామెల్ రేకులు నప్పుతాయి, దించేటప్పుడు గట్టిగా తగిలితే పెచ్చులూడతాయన్న సంగతి మరవకుండా ఉంటే.

మిగిలింది ఖర్చు. చిల్లుల కోసం ప్రతి గొట్టాన్నీ పరీక్షిస్తూ కూర్చుంటే గిట్టుబాటు కాదంటారు. కానీ పలుచని పూతకు తడి స్పాంజి పరీక్ష, మందమైనదానికి హై వోల్టేజీ స్పార్క్ పరీక్ష సరిపోతాయి. రెండూ ఖరీదైన పరికరాలు కావు. పూత చెడితే పోయేది ఒక్క గొట్టం కాదు, యూనిట్ ఆగిన రోజులు కూడా పోతాయి. టెండర్లలో మాత్రం పూత పేరు, సగటు మందం ఎన్ని మైక్రాన్లో రాసి ఊరుకుంటారు. సగటు లెక్క ఎందుకూ కొరగాదు. పదునైన అంచుల మీద, వెల్డు గరుకుల మీద పూత తనంతట తానే పలచబడుతుంది. అంచులు గుండ్రంగా అరగదీయాలని, వాటికి ముందే కుంచెతో ఒక పట్టీ వేయాలని, బ్లాస్టింగ్‌కూ పూతకూ మధ్య ఎన్ని గంటలో, ఉప్పు ఎంత మించకూడదో, దొరికిన చిల్లును ఎవరు పూడ్చాలో ఒప్పందంలో ఉండాలి. గొట్టాల చివర్లను పట్టి ఉంచే పలకలో (ట్యూబ్‌షీట్‌లో) గొట్టం దూరేచోట పూత ఎక్కడ ఆగుతుందో, ఆ చివరకు సీలు ఏమిటో డ్రాయింగ్‌లోనే చూపించాలి. చాలా డ్రాయింగుల్లో ఆ చోట ఒక గీత తప్ప ఏమీ ఉండదు.