పిల్లి కొలతల గూడు

మొదటి గూడు నేనే కట్టాను. నాలుగు సరుగుడు గుంజలు పాతి, చుట్టూ ఆరు పలకల కన్నాలున్న కోళ్ల జాలీ బిగించి, పైన తాటాకు కప్పి, ఎనిమిది బాతుల్ని లోపలికి తోలి నిశ్చింతగా పడుకున్నాను. మూడో వారంలో ఒక తెల్లవారుజామున చూస్తే ఐదే మిగిలాయి. చచ్చిన మూడూ జాలీ పక్కనే పడి ఉన్నాయి. రెండింటికి తలల్లేవు. జాలీ మాత్రం పెద్దగా చిరగలేదు.

బోను పెట్టమన్నారు కొందరు, గుళికల మందు కలిపిన చేప వెయ్యమన్నారు ఇంకొందరు. మా డెల్టా ఊళ్లలో తిరిగే అడవిపిల్లి, ముంగిస రెండూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవే. పైగా మందు తినేది ముందు పక్కింటి కుక్క. అందుకని వడ్రంగి మేస్త్రీని పిలిచాను.

ఆయన రాగానే టేపు తియ్యలేదు. గూటి పక్కన గొంతుక్కూర్చుని, జాలీ కన్నంలో నాలుగు వేళ్లూ దూర్చి చూశాడు. "ఇది కోళ్లని బయటికి పోకుండా ఆపుద్దండి. లోపలికొచ్చేవాణ్ణి ఆపదు. పిల్లి లోపలికి రానే లేదండి. చెయ్యి పెట్టి లాక్కుంది" అన్నాడు. కోడిలాగా బాతు దండెం ఎక్కదు, నేలమీదే పడుకుంటుంది. అదీ గోడకి ఒరిగి పడుకుంటుంది. పంజాకి సరిగ్గా అందే ఎత్తు అది.

నేను ఎన్ని బాతులు, ఎంత జాగా అని లెక్క వేసుకుంటే, ఆయన పంజా ఎంత లావు, తల ఎంత వెడల్పు, ఎక్కడ తవ్వుతుంది అని లెక్క వేశాడు. కొత్త గూడు మొత్తం ఆ లెక్కలోంచే వచ్చింది.

గూడు పొడవు ఆరు అడుగులు, వెడల్పు నాలుగు. ఎనిమిదింటికి తలా మూడు చదరపు అడుగులు. రాత్రి పడకకి అది సరిపోతుంది. అడుగున ఒక అడుగు ఎత్తు ఇటుక చపటా. వానాకాలం చెమ్మ రాకుండా అది ఎలాగూ కావాలి, పందికొక్కు కింద నుంచి బొరియ పెట్టకుండా కూడా అదే అడ్డం. చపటా మీద అడుగున్నర ఎత్తు వరకు చెక్కపలకల గోడ, సందు లేకుండా. పిల్లికి బాతు కనపడదు, పంజా దూరదు. ఆ పైనుంచి కప్పు దాకా జాలీ. బాతుల రెట్ట నీళ్లగా ఉంటుంది. ఆ చెమ్మ, ఆ ఘాటు పైకి పోయే దారి లేకపోతే రెండు రోజులకే లోపల ఊపిరాడదు. కింద మూత, పైన గాలి. ఈ ఒక్క అమరికకే నేనాయనకి సగం కూలి ఎక్కువివ్వొచ్చు.

ఇక జాలీ. అది అరంగుళం చదరపు కన్నాల వెల్డింగ్ జాలీ. తీగలు ఒకదాన్నొకటి దాటే ప్రతిచోటా అతుకు ఉంటుంది. కోళ్ల జాలీలో ఉండేది మెలిక మాత్రమే. కుక్క పళ్లతో పట్టి లాగితే ఒక మెలిక విడిపోతుంది, దాని వెంట పక్కదీ. ఇక్కడ ఒక అతుకు ఊడినా పక్కవి కదలవు. అరంగుళం ఎందుకంటే ముంగిస పిల్ల తల కూడా అందులో పట్టదు. గుడ్ల కోసం వచ్చే జెర్రిపోతుకీ చాలదు.

జాలీని చట్రానికి బయటివైపు నుంచి కొట్టాడు. లోపలివైపు కొట్టి ఉంటే జంతువు తోసినప్పుడల్లా మేకులు ఊడివచ్చేవి. బయట ఉంటే తోసిన కొద్దీ జాలీ చెక్కకే అదుముకుంటుంది. "మరి గోళ్లతో బయటికి లాగితే?" అన్నాను. నవ్వి, అంచుల పొడుగునా వెదురు దబ్బలు పరిచి, వాటిలోంచి అరజానెడుకొకటి చొప్పున స్క్రూలు దించాడు. జాలీ అంచు ఇప్పుడు చెక్కకీ దబ్బకీ మధ్య ఇరుక్కుంది. తోసినా, లాగినా కదలదు.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది నేలమీది పని. చపటా చుట్టూ జాలీని అడుగున్నర వెడల్పున బయటికి, నేలమీద పరిచాడు. దాని లోపలి అంచుని చపటా ఇటుకలకి బిగించి, పైన రెండంగుళాల మట్టి కప్పాడు. లోతుగా పాతిపెట్టడం నయం కాదా అంటే, తవ్వే జంతువు ఎప్పుడూ గోడ మొదట్లోనే మొదలుపెడుతుందన్నాడు. మట్టి తీస్తే తీగ తగులుతుంది, పక్కకి జరుగుతుంది, అక్కడా తీగే. అడుగున్నర వెనక్కి నడిచి అక్కణ్ణుంచి సొరంగం తవ్వాలన్న ఆలోచన దానికి రాదు. నెల తిరిగేసరికి గడ్డి వేళ్లు కన్నాల్లోకి అల్లుకుని, చేత్తో ఎత్తినా లేవలేదు.

తలుపు చట్రం లోపల ఇమడదు. చట్రం మీద అన్నివైపులా ముప్పావంగుళం ఎక్కి కూర్చుంటుంది. వానకి చెక్క ఉబ్బినా బిగుసుకోదు, ఎండకి ముడుచుకున్నా సందు పడదు. బయటికి తెరుచుకుంటుంది కాబట్టి కుక్క తోస్తే ఇంకా గట్టిగా మూసుకుంటుంది. పైన గొళ్లెం, కింద గడియ. గొళ్లెం కొండిలో పడ్డాక అందులో తాడుకట్టిన ఇనుప చీల. పిల్లి పంజాతో ఆడిస్తే గొళ్లెం లేస్తుందేమో గాని, చీలని నిలువుగా పైకి లాగి అవతల పెట్టలేదు. తలుపు వెడల్పు రెండడుగులు పెట్టాడు. బాతులు వరసగా వెళ్లవు, ఒక్కసారే దూకుతాయి. ఇరుకు తలుపులో కాళ్లు పోతాయి. దాని ముందు అడ్డపట్టీలు కొట్టిన వాలుబల్ల.

బాతులు మాత్రం కాపలా కాయవా అంటే, కాస్తాయి. 1999లో అమెరికాలో ఒక పరిశోధన చేశారు. అడవిబాతుల్ని వరసలో పడుకోబెడితే, వరస చివర ఉన్నవి ఒక కన్ను తెరిచి నిద్రపోయాయి. తెరిచిన కన్ను ఎక్కువగా బయటివైపుదే. మెదడులో సగం నిద్రలో, సగం మెలకువలో ఉంటుందన్నమాట. ఆ కన్ను కేక పెట్టగలదు, అంతే. తలుపు మూయలేదు.

పగటి సంగతి వేరు. ముంగిస పగలే తిరుగుతుంది, గద్ద పగలే దిగుతుంది. పెద్ద బాతులకి పెద్దగా భయం లేదు, పిల్లలకే. వాటి దొడ్డి మీద పాత చేపల వల పరిచాం. రొయ్యల చెరువుల మీద పక్షులు వాలకుండా దారాలు లాగుతారు చూశారా, ఆ లెక్కే.

సాయంత్రం మేత గూటిలోనే వేస్తే వాటంతటవే లోపలికి వస్తాయి. తలుపు ఉదయం ఎనిమిదింటి తర్వాతే తీస్తాం. బాతు ఎక్కువగా తెల్లవారే లోపే గుడ్డు పెడుతుంది కాబట్టి, గుడ్డు చెరువుగట్టున కాకికి దొరక్కుండా ఊకలోనే ఉంటుంది.

వానలు తగ్గాక ఒక రోజు తలుపు పక్కన మట్టి గీకి ఉంది. జానెడు మేర జాలీ బయటపడింది, దానిమీద నాలుగు గోళ్ల గీతలు. మట్టి మళ్లీ కప్పేశాను.

ఎవరైనా గూడు కట్టించబోతే నాదొక మాట. కప్పుకి పాత రేకైనా చాలు. డబ్బు జాలీ మీద, స్క్రూల మీద పెట్టండి.