ముప్పై ఆరులో పద్దెనిమిది

ధనుర్మాసంలో ఒంగోలు వీధుల్లో పొద్దున్నే నడిస్తే ఆరు రేకుల ముగ్గు ఎక్కడో ఒకచోట కనబడుతుంది. ఆరు విధాలుగా తిప్పినా అదే ముగ్గు. రేకుల నడిమి గీతల మీద మూడు, రేకుల సందుల్లో మూడు అద్దాలు నిలబెట్టినా అదే ముగ్గు. మొత్తం పన్నెండు కదలికలు. ఇది చిన్న పరావర్తన సమూహం. దీన్ని మనసులో ఉంచుకుని రెండు పుస్తకాలు మళ్లీ చదివాను: కొమరవోలు చంద్రశేఖరన్ ‘క్లాసికల్ ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్స్’ (1989), జార్జ్ లుస్టిగ్ ‘క్యారెక్టర్స్ ఆఫ్ రిడక్టివ్ గ్రూప్స్ ఓవర్ ఎ ఫైనైట్ ఫీల్డ్’ (1984).

చంద్రశేఖరన్ మనవారు. బందరులో పుట్టి, చీరాల అవతల బాపట్లలో హైస్కూలు చదివారు. ఆయనది సరళరేఖ మీది ప్రమేయాల లోకం. ప్రమేయం పరమ మూల్యపు వర్గాన్ని సమాకలనం చేసినా, దాని ఫోరియర్ పరివర్తన పరమ మూల్యపు వర్గాన్ని చేసినా ఒకే మొత్తం: ప్లాంషెరెల్ సిద్ధాంతం. ఇటు కాటాలో ఎంత తూగిందో అటు కాటాలోనూ అంతే. ఎందుకు తూగిందో మెట్టుమెట్టుగా చెబుతారు.

లుస్టిగ్ దగ్గర ఆ కాటా మొదట తేడా చూపిస్తుంది. మన ముగ్గుకు విడదీయరాని రిప్రజెంటేషన్లు ఆరు. రెండు ఒంటరివి, మిగతా నాలుగూ ఒకే కుటుంబం. ఆ కుటుంబానికి లుస్టిగ్ ఇచ్చిన ఫోరియర్ మాత్రికలో మొదటి వరుస చూడండి, ఒక్కో అంకెనూ ఆరుతో భాగించాలి: 1, 2, 1, 3, 3, 2, 2, 2. వర్గాలు కూడితే 36. ఆరు వర్గమూ 36, కాబట్టి మొత్తం సరిగ్గా ఒకటి. ప్లాంషెరెల్ ఇక్కడా నిలబడ్డాడు! అయితే ముగ్గు సొంత నాలుగింటి వాటా 1, 2, 3, 2 మాత్రమే. వర్గాల మొత్తం 18. సగం.

మిగతా సగం తెచ్చేవి జీ-టూ అనే పెద్ద సమూహపు నాలుగు కస్పిడల్ క్యారెక్టర్లు. పరిమిత క్షేత్రం మీద కట్టిన ఆ సమూహానికి ఎముకల గూడు మన ముగ్గే, అయినా ఆ నాలుగూ ముగ్గులోంచి పుట్టవు. వాటికి చోటు ఇవ్వనిదే లెక్క తెగదు. ఈ పుస్తకంలో నన్ను కట్టిపడేసింది ఇదే.

పాఠం చెప్పాలంటే చంద్రశేఖరన్‌నే తీసుకుంటాను. లుస్టిగ్ చాలాచోట్ల ఒక్కో రకాన్నీ విడిగా పరీక్షించి ముందుకు పోతాడు. చదివేవాడికి ఊపిరి ఆడదు. ఆ ఎనిమిది గళ్లూ మూడు వస్తువులను తారుమారు చేసే సమూహం నుంచి వస్తాయి. ఈ కుటుంబానికి ఆ సమూహమే ఎందుకన్నది ముగ్గును ఎంతసేపు చూసినా తట్టదు. అందుకే చంద్రశేఖరన్‌ను చదివి మూసేశాను, లుస్టిగ్‌ను ఇంకా బల్ల మీదే ఉంచాను.