24 నిమిషాల నడక

రెండు చేతులూ పియానో నడుమన దగ్గర దగ్గరగా ఉంటాయి. పైనున్న పాట ఒక స్వరం ఎక్కుతుంది, ఒక స్వరం దిగుతుంది. పెద్ద గెంతులేమీ లేవు, ఎవరైనా కూనిరాగంగా తీసుకోవచ్చు. గొంతు పెంచవద్దని షూబర్ట్ మొదట్లోనే రాసిపెట్టాడు. అలా ఏడు బార్లు, అంటే తాళం ఏడు చుట్లు, నడిచాక పాట ఊపిరి తీసుకోవడానికి ఆగుతుంది. ఎనిమిదో బార్లో ఎడమ చేయి అట్టడుగుకు దిగి ఒక ట్రిల్ వేస్తుంది. పక్కపక్క స్వరాలు రెండింటిని గబగబా మార్చి మార్చి పలికించడమే ట్రిల్. పై స్థాయిలో అది పిట్ట కూతలా ఉంటుంది. ఇంత కింద మాత్రం పక్క గదిలో ఎవరో బరువైన భోషాణాన్ని అంగుళం జరిపి వదిలేసినట్టు ఉంటుంది. తర్వాత నిశ్శబ్దం. ఆ పైన మళ్లీ అదే పాట, ఏమీ జరగనట్టే.

ఫ్రాంజ్ షూబర్ట్ బీ ఫ్లాట్ మేజర్ సొనాటా (డి. 960) ఇలా మొదలవుతుంది. దీన్ని ఆయన 1828 సెప్టెంబరు 26న పూర్తి చేశాడు. నవంబరు 19న, 31 ఏళ్ల వయసులో, వియన్నాలో కన్నుమూశాడు. అచ్చు కావడానికే మరో పదేళ్లు పట్టింది. కచేరీల్లో దీనికి స్థిరమైన చోటు దొరికింది 20వ శతాబ్దంలోనే. ఆర్తుర్ ష్నాబెల్ వంటి వాళ్లు పట్టుబట్టి వాయించాకే అది సాధ్యమైంది. ఇవాళ దీన్ని రికార్డు చేయని పెద్ద పియానిస్టు అరుదు. అన్ని రికార్డింగుల్లోనూ మనుషుల్ని రెండు పక్షాలుగా చీల్చింది మాత్రం స్వియాతొస్లావ్ రిక్టర్‌ది.

తగవు దేని మీదంటే, నడక మీద. మొదటి భాగానికి షూబర్ట్ పెట్టిన సూచన ‘మోల్తో మొదెరాతో’, అంటే బాగా మితమైన నడక. రాసినట్టే అందులోని మొదటి అంకాన్ని రెండోసారి కూడా వాయిస్తే ఈ భాగం చాలామంది చేతుల్లో 20 నిమిషాల అటూ ఇటూగా ముగుస్తుంది. 1972లో సాల్జ్‌బర్గ్ దగ్గర ఆనీఫ్ కోటలో చేసిన రికార్డింగులో రిక్టర్‌కు 24 నిమిషాలు దాటింది. 20 నిమిషాల్లో నాలుగంటే చిన్న తేడా కాదు. పాటలో ప్రతి అడుగుకూ ఐదో వంతు ఎక్కువ సమయం.

కాదనేవాళ్ల మాట ముందు వినాలి, ఎందుకంటే అందులో బలం ఉంది. షూబర్ట్ 600కు పైగా పాటలు రాసినవాడు. ఆయన పియానో కోసం రాసినా గాయకుడి ఊపిరి అందులో ఉంటుంది. మొదటి ఏడు బార్లను రిక్టర్ నడకలో ఏ గాయకుడూ సులువుగా పాడలేడు, మధ్యలో ఊపిరి చాలదు. ‘మొదెరాతో’ అన్న మాట ఉన్నచోట నెమ్మది నడక ‘అదాజో’ వాయించడం రాసినదాన్ని దిద్దడం కాదా అని వాళ్లు అడుగుతారు. షూబర్ట్ ఎదుట ఉన్న వియన్నా ఫోర్టెపియానో కూడా వాళ్ల వైపే సాక్ష్యం చెబుతుంది. చెక్క చట్రం, సన్నని తీగలున్న ఆ వాద్యంలో మోగిన స్వరం నేటి పియానోలో కంటే చాలా ముందే ఆరిపోతుంది. ఆండ్రాస్ షిఫ్ 1820 ప్రాంతపు బ్రాడ్‌మన్ ఫోర్టెపియానో మీద ఈ సొనాటాను వాయించాడు. అది వింటే ఈ వాదం చెవికే తెలుస్తుంది. అక్కడ పాట ముందుకు కదలక తప్పదు. ఆగితే చేతిలో ఏమీ మిగలదు.

మరి రిక్టర్ చేతిలో ఎలా మిగిలింది? నన్ను ఈ రికార్డింగ్ దగ్గరికి మళ్లీ మళ్లీ తీసుకువెళ్లే ప్రశ్న ఇదే.

పియానోకు పుట్టుకతో ఒక లోపం ఉంది. మీట నొక్కగానే సుత్తి తీగను తాకుతుంది. ఆ క్షణం నుంచి స్వరం తగ్గడమే తప్ప పెరగడం లేదు. వయొలిన్ కమానులాగా, గాయకుడి గొంతులాగా స్వరాన్ని నడిమధ్యలో నింపే దారి లేదు. అందుకే నెమ్మదిగా వాయించేకొద్దీ స్వరానికీ స్వరానికీ మధ్య గుంట లోతవుతుంది. కొంచెం ఏమరితే పాట పాటగా ఉండదు, విడివిడి చుక్కలైపోతుంది. రిక్టర్ దీనికి చేసిన మొదటి పని, తర్వాతి స్వరాన్ని ముందు స్వరం ఎంతవరకు తగ్గిందో అంతే బరువుతో అందుకోవడం. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి రెండు బార్లే పదిసార్లు వినండి. ఏ స్వరమూ కొత్తగా మొదలైనట్టు ఉండదు. ఆరిపోతున్న స్వరం కొస పట్టుకుని దానికి ముడి వేసినట్టు ఉంటుంది. నేత మగ్గం దగ్గర తెగిన పోగును అతికేవాళ్ల వేళ్లు గుర్తొస్తాయి నాకు. ముడి ఉంటుంది కానీ బట్ట మీద చేయి పెడితే తగలదు.

రెండో పని ఇంకా లోపల ఉంది. పైనున్న పాట కింద, మధ్య గొంతుల్లో, అడుగుకు రెండేసి స్వరాలు ఆగకుండా నడుస్తుంటాయి. మామూలు వేగంలో వాటిని ఎవరూ వినరు, పాటకు పరిచిన చాపలా కింద ఉండిపోతాయి. రిక్టర్ నడకలో అవే పాటకు నాడి అవుతాయి. వాటిని ఆయన పైకి తేడు, గట్టిగా కొట్టడు, కానీ ఒక్కటి కూడా తూలదు. ఈ మధ్య గొంతుల మీద కాలు పెట్టి నడుస్తున్నాం కాబట్టే పై పాట ఎంత సాగినా మనం పడిపోం. నెమ్మదిగా వాయించే చాలామందికి ఇక్కడే చిక్కు వస్తుంది. బరువు చూపించాలని ఒక స్వరం దగ్గర ఆగుతారు, తర్వాత దాన్ని సర్దడానికి పరుగెడతారు. రిక్టర్ ఆగడు, సర్దడు. అంత నెమ్మదిలో అంత సమానమైన నడకను నిలబెట్టాలంటే ఒంట్లో ఎంత బలం కావాలో, ఆ బలాన్ని ఎంత దాచుకోవాలో ఊహించుకుంటేనే ఆశ్చర్యం వేస్తుంది.

క్షేత్రయ్య పదాలను వీణ ధనమ్మాళ్ ఇంటివారు పాడిన చౌక కాలంలో విన్న చెవికి ఇది మరీ కొత్త కాదు. అక్కడా తాళం మాయమైందేమో అనిపిస్తుంది, కానీ లోపల ఎక్కడో కచ్చితంగా పడుతూనే ఉంటుంది. రెండు సంగీతాలకూ చుట్టరికం కలపాలని కాదు. రిక్టర్ నెమ్మదిని మొదటిసారి విన్నప్పుడు నాకు తోవ చూపింది మాత్రం ఆ పదాలే.

ఇక ఎనిమిదో బార్. ఆ ట్రిల్ ఆనుకున్నది జీ ఫ్లాట్ మీద. బీ ఫ్లాట్ మేజర్ స్కేల్‌లో లేని స్వరం అది, ఇంటికి పరాయిది. కొందరు దాన్ని భయపెట్టడానికి వాడుకుంటారు, గరగరలాడిస్తారు. రిక్టర్ దాన్ని పాట కంటే చిన్న గొంతుతో, దాదాపు గుసగుసగా వేస్తాడు. కానీ ఆ తర్వాతి నిశ్శబ్దానికి మాత్రం ఇవ్వాల్సిందంతా ఇస్తాడు. అక్కడ షూబర్ట్ విరామం మీద ఆగమనే గుర్తు పెట్టాడు, ఎంతసేపో చెప్పలేదు. లిస్ట్ సొనాటా మొదలుపెట్టే ముందు వేదిక మీద కదలకుండా కూర్చుని మనసులో 30 దాకా నెమ్మదిగా లెక్కపెట్టుకునేవాణ్నని, ఈయనకేమైందోనని జనం కంగారు పడేవారని రిక్టర్ తానే చెప్పుకున్నాడు. నిశ్శబ్దాన్ని కూడా వాయించే మనిషి ఆయన. 20వ బార్లో అదే పాట జీ ఫ్లాట్ మేజర్‌లోకి మారి వచ్చినప్పుడు, ఇందాకటి పరాయి స్వరమే ఇప్పుడు ఇల్లు అయిందని చెవికి తెలియాలి. తెలియాలంటే ఆ ట్రిల్ మనకింకా గుర్తుండాలి. దాని చుట్టూ అంత ఖాళీ వదిలింది ఇందుకే. కాసేపటికి పాట పెద్ద గొంతుతో తిరిగి వస్తుంది. ఆ ఊపులో చాలామంది తమకు తెలియకుండానే ముందుకు జరుగుతారు. రిక్టర్ గొంతు పెంచుతాడే గాని అడుగు పెంచడు.

నడకను మించిన తగవు ఇంకొకటి ఉంది. మొదటి అంకం ముగిశాక వెనక్కి వెళ్లి దాన్నంతా మళ్లీ వాయించాలా? షూబర్ట్ వాయించమనే గుర్తు పెట్టాడు. ఆల్ఫ్రెడ్ బ్రెండెల్ వాయించేవాడు కాదు. షూబర్ట్‌ను జీవితమంతా చదువుకున్న పియానిస్టు ఆయన. 1989లో న్యూయార్క్ రివ్యూ ఆఫ్ బుక్స్‌లో దీని మీద వాద ప్రతివాదాలు కూడా నడిచాయి. వెనక్కి వెళ్లడానికి షూబర్ట్ ప్రత్యేకంగా తొమ్మిది బార్లు రాశాడు. ఆ తొమ్మిదింటిలో ఉన్న తునకలు మరెక్కడా రావు. అంతసేపూ గుసగుసగా ఉన్న ఆ ట్రిల్ అక్కడ ఒక్కసారి గొంతు చించుకుని అరుస్తుంది. మిగతా భాగంతో పొత్తు కుదరని ఆ బార్లు లేకపోవడమే మేలని బ్రెండెల్ అభిప్రాయం. రిక్టర్‌కు ఆ మాటే గిట్టదు. వాయించేవాడు రాసినదాన్ని అమలుపరచేవాడే తప్ప మరొకడు కాడని, రిపీట్లు ఎగ్గొట్టడం తప్పని ఆయన నమ్మకం.

ఈ విషయంలో నేను రిక్టర్ వైపు. ఆ తొమ్మిది బార్లు అతకవని బ్రెండెల్ అన్నది నిజమే, అతకకపోవడమే వాటి పని అనిపిస్తుంది నాకు. ఇంత ప్రశాంతంగా సాగిన పాట కింద ఆ భోషాణంలో ఏముందో ఒక్కసారి మూత తెరిచి చూపించి మళ్లీ వేసేస్తారు. వెంటనే మొదటి పాట, అదే చిన్న గొంతుతో. ఈసారి ఆ ఏడు బార్లు అవే కావు. విన్నవాడు మారిపోయాడు. మూత తెరవకుండా నేరుగా ముందుకు వెళ్లినవాళ్ల రికార్డింగుల్లో ఈ మార్పు దొరకదు. క్లారా హాస్కిల్‌ది, క్లిఫర్డ్ కర్జన్‌ది నాకు ఎంతో ఇష్టమైనా, అక్కడికి వచ్చేసరికి ఒక గది తాళం వేసి ఉన్నట్టు అనిపిస్తుంది.

గ్లెన్ గూల్డ్ కథ ఇక్కడ చెప్పాలి. ఆయనకు షూబర్ట్ అంటే పడేది కాదు, అన్నదే అనడం ఆయనకు భరించరానిది. 1957 మేలో సోవియట్ యూనియన్‌లో కచేరీలకు వెళ్లినప్పుడు మాస్కోలో రిక్టర్ ఈ సొనాటా వాయిస్తుంటే విన్నాడు. అంత నెమ్మదిగా దీన్ని ఎవరూ వాయించగా వినలేదన్నాడు. కాసేపటికి ఏదో సమ్మోహనంలో పడిపోయానని కూడా చెప్పాడు. తాను ఉట్టి అలంకారాలు అనుకున్నవన్నీ నిర్మాణంలో భాగాలుగా కనిపించాయట. లెక్క కట్టి చేసిన పని అప్పటికప్పుడు పుట్టినట్టు వినిపించిందట. ఎవరి నడక మీదా తేలిగ్గా సర్దుకోని గూల్డ్ ఆ మాట అన్నాడంటే, ఆ నెమ్మది ఉట్టి మొండితనం కాదని ఒప్పుకోవాలి.

ఒక్క అభ్యంతరానికి మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. రెండో భాగం ‘అందాంతే సొస్తెనూతో’, అసలు నెమ్మదిగా సాగాల్సింది అదే. సీ షార్ప్ మైనర్‌లో, మూడడుగుల నడకలో, ఎడమ చేయి కుడి చేతిని దాటి పైకి వెళ్లి ఒక్కో స్వరాన్ని తాకి వస్తుంటుంది. 20 నిమిషాల మితమైన నడక తర్వాత ఈ భాగం వస్తే, వీధిలోంచి చల్లని గదిలోకి అడుగుపెట్టినట్టు ఉండాలి. రిక్టర్ దగ్గర మనం అప్పటికే ఆ గదిలో 24 నిమిషాలు కూర్చున్నాం. తేడా తగ్గిపోయింది. మిట్సుకో ఉచిడా రికార్డింగులో ఈ తలుపు తెరుచుకోవడం స్పష్టంగా వినిపిస్తుంది. అందుకు ఆమెకు రుణపడి ఉంటాను. రిక్టర్ ఇక్కడ మరో దారి పట్టాడు. మొదటి భాగంలో నడిపించిన నాడిని ఇక్కడ దాదాపు ఆపేశాడు. ఎడమ చేతి లయ గోడ గడియారంలా ఒకే తీరున ఉంటుంది, దాని మీద పాట కదలకుండా నిలబడి ఉంటుంది. మొదటి భాగం నెమ్మదిగా నడవడమైతే ఇది నడవకపోవడం. జవాబు ఇంతవరకే. చాలదనేవాళ్లతో నాకు పేచీ లేదు.

రిక్టర్ 1915లో ఉక్రెయిన్‌లోని జితోమిర్‌లో పుట్టాడు. ఒడెస్సా ఒపెరాలో రిహార్సళ్లకు పియానో వాయిస్తూ చాలావరకు తనంతట తానే నేర్చుకున్నాడు. 22 ఏళ్లకు గాని మాస్కోలో హైన్రిఖ్ నాయ్‌హౌస్ దగ్గర చేరలేదు. పాడేవాళ్లకు పక్కవాద్యం వాయిస్తూ పెరిగినవాడు గాయకుడి ఊపిరి తెలియక ఇలా వాయించాడంటే నేను నమ్మలేను. చివరి ఏళ్లలో హాలంతా చీకటి చేసి, నొటేషన్ మీద ఒక్క చిన్న దీపం పెట్టుకుని వాయించేవాడు. తన ముఖాన్నీ చేతుల్నీ చూస్తూ కూర్చోవడం కాదు, వినండని.

మొదటి భాగం చివర్లో ఆ పాట మళ్లీ వస్తుంది, దాని వెనకే ఆ ట్రిల్ ఆఖరిసారి వస్తుంది. అప్పటికి 24 నిమిషాలు కావస్తుంటాయి. రిక్టర్ దాన్ని ఎంత చిన్నగా వేస్తాడంటే, రాత్రి ఫ్యాన్ తిరుగుతున్న గదిలో అది వినపడదు. నేను ఫ్యాన్ ఆపుతాను. ట్రిల్ ఆగాక వచ్చే రెండు మూడు స్వరగుచ్ఛాలను ఆయన పూర్తిగా ఆరిపోనిస్తాడు. పెడల్ మీదనుంచి కాలు తీసిన చిన్న చప్పుడు వినిపించిందని ఒక్కోసారి అనుకుంటాను.